1024 అనే కొలబద్ద

ఎనిమిది కోర్ల ఫోన్ అంటే ఎనిమిది సమానమైన ప్రాసెసర్లని చాలామంది అనుకుంటారు. చాలా ఫోన్లలో వాటిలో కొన్ని బలమైనవి, కొన్ని చిన్నవి. 2011 అక్టోబరులో ఆర్మ్ కంపెనీ ‘బిగ్ లిటిల్’ పేరుతో ఈ ఏర్పాటు ప్రకటించింది: బరువు పనులకు కార్టెక్స్-ఏ15, తేలిక పనులకు కరెంటు తక్కువ తాగే కార్టెక్స్-ఏ7. బ్యాటరీకి మేలే, కానీ చిక్కు పనులు పంచే షెడ్యూలర్‌కు వచ్చింది. ఏ ఎద్దు ఎంత లాగుతుందో తెలియకుండా బండి కట్టినవాడి పరిస్థితే దానిదీ.

ముందు పని బరువు తెలియాలి. దానికి పాల్ టర్నర్ రాసిన పద్ధతి, చాలా ఫోన్ల లోపల నడిచే లినక్స్‌లో 2013లో 3.8 వెర్షన్‌తో వచ్చింది. అది ప్రతి పనినీ సుమారు మిల్లీసెకను ముక్కల్లో గమనిస్తుంది. 32 మిల్లీసెకన్ల కిందటి శ్రమకు ఇప్పటి శ్రమలో సగమే విలువ ఇస్తుంది. ఇక కోర్ సత్తా. అన్నిటికన్నా పెద్ద కోర్ పూర్తి వేగంతో నడిస్తే 1024. మిగతావన్నీ దానితో పోల్చిన అంకెలు. చిన్న కోర్ సత్తా 450 అనుకుంటే, 600 బరువున్న పని అందులో ఇమడదు. అలాంటి పనిని గుర్తించి పెద్ద కోర్‌కు మార్చే ఏర్పాటు 2018 చివర్లో లినక్స్ 4.20లో చేరింది. ఇమిడే కోర్లలో ఏది తక్కువ కరెంటుతో పని ముగిస్తుందో చూసి ఎంచే ఏర్పాటు 2019 మార్చిలో 5.0తో వచ్చింది.

అయితే 1024 గరిష్ఠం మాత్రమే. ఆ క్షణాన మిగిలింది వేరు. అంతరాయాలూ, ఆలస్యం సహించని పనులూ తినేసిన వాటా తీసేయాలి. గడియారం సగం వేగంతో నడిచేటప్పుడు తేలిక పని కూడా ఎక్కువసేపు పట్టి బరువుగా కనిపిస్తుంది, దాన్నీ సరిదిద్దాలి. అన్నిటికన్నా మొండిది వేడి. ఎస్. రాయవరం నుంచి రేవుపోలవరం తీరం దాకా మే నెల ఉక్క ఎలా ఉంటుందో ఆ వైపువారికి చెప్పనక్కర్లేదు. ఆ ఎండలో బైకుకు తగిలించిన ఫోన్ దారి చూపిస్తూ కాగిపోతే, చిప్పు తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పాత షెడ్యూలర్‌కు ఆ సంగతి తెలియక, అదే కోర్ మీద పని మోపుతూ ఉండేది. లినారో సంస్థలో తారా గోపీనాథ్ రాసిన ‘థర్మల్ ప్రెషర్’ 2020లో లినక్స్ 5.7లో చేరాక, వేడివల్ల పోయిన సత్తా కూడా లెక్కలోకి వచ్చింది. నాకు బాగా నచ్చింది ఒకటి: ఆ కోతను క్షణక్షణం యథాతథంగా తీసుకోకుండా, పని బరువు కొలిచినట్టే సగటు కడతారు. లేకపోతే వేగం ఒక్కసారి తగ్గి పెరిగినప్పుడల్లా పనులు ఆ కోర్ నుంచి ఈ కోర్‌కు గెంతుతూ ఉంటాయి.

ఇదంతా దాపరికం లేని కోడ్. లినక్స్ షెడ్యూలర్‌లో ‘ఫెయిర్.సి’ అనే ఫైలు తలకట్టులో, 2007లో ఐబీఎం తరఫున చేసిన గ్రూప్ షెడ్యూలింగ్ పనికి శ్రీవత్స వడ్డగిరి పేరు కనిపిస్తుంది. నర్సీపట్నం, యలమంచిలి వైపు నుంచి కంప్యూటర్ సైన్స్ చదువుతున్న పిల్లలారా, ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం నోట్సులో బట్టీ పట్టేముందు ఒకసారి ఆ ఫైలు తెరిచి చదవండి.