పేరు చాక్లెట్, లోపల నట్స్: జెలాటో పండగలో మా ఆదివారం

"అత్తయ్యా, ఈ ఆదివారం ఖాళీయేనా? జెలాటో పండగట. టికెట్ కొంటే అన్ని రకాలూ చెంచాడు చెంచాడు రుచి చూడొచ్చట" అని ఫోన్ చేసింది మా ఆడపడుచు కూతురు. శాంటా క్లారా యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తోంది. వచ్చి ఎనిమిది నెలలయింది. నలుగురమ్మాయిలు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. వారమంతా అసైన్‌మెంట్లు, ఆదివారం వస్తే బట్టలు ఉతుక్కోవడం. పాపం, దానికి ఒక పూట సరదాగా తిరగాలనిపించింది.

నాకూ వెళ్లాలనే ఉంది. కానీ మా అబ్బాయికి జీడిపప్పు, పిస్తా పడవు. పడవంటే కాస్త కడుపు ఉబ్బరించడం లాంటిది కాదు. రెండేళ్లప్పుడు తెలిసినవాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతం ప్రసాదంలో ఒక్క జీడిపప్పు పలుకు తిన్నాడు. పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, గొంతు బొంగురుపోయింది. అంబులెన్సులో తీసుకెళ్లారు. ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్లు. ఇండియాలో మా అత్తగారు ఇప్పటికీ "జీడిపప్పు పడకపోవడమేంటమ్మా, ఎప్పుడైనా విన్నామా" అంటారు. పలాస పప్పు డబ్బాలు ఇంటికొచ్చే కుటుంబం మాది, ఆవిడకి నమ్మబుద్ధి కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నేను గుంటూరులో బీజెడ్‌సీ చదివాను. అలర్జీ డాక్టరు "జీడిపప్పు పడని పిల్లల్లో చాలామందికి పిస్తా కూడా పడదు" అన్నప్పుడు, ఎప్పుడో రికార్డు పుస్తకంలో రాసుకున్న అనకార్డియేసి కుటుంబం గుర్తొచ్చింది. మామిడి, జీడిమామిడి, పిస్తా మూడూ ఆ ఇంటివే. జీడిపప్పులోని ప్రొటీన్లూ పిస్తాలోని ప్రొటీన్లూ దాదాపు ఒకే పోలికలో ఉంటాయి, శరీరం ఒకదాన్ని చూసి రెండోది అనుకుంటుంది. మామిడిపండు మాత్రం మావాడు హాయిగా తింటాడు, దేవుడి దయ. మిగతా చెట్టు గింజలు కూడా వద్దని డాక్టరు చెప్పారు, ఎందుకంటే ఫ్యాక్టరీల్లో, షాపుల్లో అన్నీ కలిసే ఉంటాయి.

సరే, ఇంజెక్షన్ పెన్నులు రెండూ బ్యాగులో వేసుకుని బయల్దేరాం. మేనకోడలు మావాడికి వరసకి వదినవుతుంది గానీ, ఇక్కడ పుట్టిన పిల్లాడు కదా, "అక్కా" అనే పిలుస్తాడు.

ఇలాంటి జెలాటో పండగలకి ఇటలీలోని ఫ్లోరెన్స్ పుట్టిల్లు లాంటిది. 2010లో అక్కడ మొదలైన జెలాటో ఫెస్టివల్ తర్వాత వేరే దేశాలకీ పాకింది. మేం వెళ్లింది అంత పెద్దది కాదు. ఒక పార్కింగ్ స్థలంలో వరసగా టెంట్లు, ఒక్కో టెంటులో ఆరేడు స్టీలు తొట్లు. బోర్డుల మీద పేర్లన్నీ ఇటాలియన్‌లో. ఆలివ్ నూనె జెలాటో, పార్మెజాన్ చీజు జెలాటో, తులసికి దగ్గరి చుట్టమైన బేసిల్ ఆకు జెలాటో, మిరపకాయ చాక్లెట్, నల్లగా తారులా ఉన్నది ఒకటి. "ఇవి తినడానికేనా?" అన్నాడు మావాడు.

ముందు జెలాటో అంటే ఏంటో చెప్తాను, తర్వాత చెప్పేదానికి అదే ఆధారం. ఇటాలియన్‌లో ఆ మాటకి గడ్డకట్టినది అని అర్థం, అంతే. ఐస్‌క్రీమ్‌కి అమెరికా ప్రభుత్వం కచ్చితమైన లెక్క పెట్టింది. కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి, గాలన్ ఐస్‌క్రీమ్ కనీసం నాలుగున్నర పౌండ్లు తూగాలి. గాలన్ నీళ్లు ఎనిమిది పౌండ్ల పైచిలుకు. అంటే దాదాపు సగం గాలే ఉన్నా అది ఐస్‌క్రీమే! జెలాటోకి అలాంటి నిర్వచనం ఎఫ్‌డీఏ పెట్టలేదు. పద్ధతి ప్రకారం చేసేవాళ్లు క్రీము తగ్గించి పాలు ఎక్కువ పోస్తారు, కొవ్వు 4 నుంచి 9 శాతం దాకా ఉంటుంది. నెమ్మదిగా చిలుకుతారు కాబట్టి గాలి తక్కువ, లీటరు మిశ్రమం పోస్తే లీటరుంపావు వస్తుంది. అందుకే చిన్న కప్పు కూడా బరువుగా అనిపిస్తుంది.

వడ్డించే చలి కూడా వేరు. మన ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, జెలాటో తొట్టి మైనస్ 12, 14 మధ్య. ఆ నాలుగైదు డిగ్రీలే రుచిని మార్చేస్తాయి. నాలుక చల్లబడితే తీపి సరిగా తెలియదు. కరిగిన ఐస్‌క్రీమ్ తాగితే వెగటుగా తియ్యగా ఉంటుంది కదా, అది ఇందువల్లే. తీపి కబురు మోసే టీఆర్‌పీఎం5 అనే ప్రొటీను వెచ్చదనంలో చురుగ్గా, చలిలో మందంగా పనిచేస్తుందని 2005లో బెల్జియం పరిశోధకులు చూపించారు. జెలాటో కాస్త వెచ్చగా ఉంటుంది, నాలుకని కప్పే కొవ్వూ తక్కువ, అందుకని బేసిల్ ఆకు లాంటి సున్నితమైన వాసన కూడా దొరుకుతుంది. ఈ వింత రుచులన్నీ జెలాటోలో నిలబడటానికి ఇదొక కారణం.

అన్నిటికన్నా నాకు నచ్చింది మిరపకాయ చాక్లెట్. నోట్లో పెట్టుకుంటే మొదట చాక్లెట్టే. "ఏం లేదే" అనుకునేలోపు గొంతు దగ్గర మంట మొదలవుతుంది. గుంటూరు మనిషిని, మిరపకాయకి నేను లెక్కచెయ్యను, అయినా నవ్వొచ్చింది. మిరపలోని క్యాప్‌సైసిన్ పట్టుకునేది నోట్లో వేడిని గుర్తించే ప్రొటీన్‌నే. అంటే మిరప మంట అసలు రుచే కాదు, కాలుతోందని మెదడుకి వెళ్లే కబురు. ఆ ప్రొటీన్‌ని 1997లో కనిపెట్టింది మనకి గంట దూరంలో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో డేవిడ్ జూలియస్ బృందం. 2021లో ఆయనకి ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ వచ్చింది. చల్లగా ఉన్నంతసేపు ఆ ప్రొటీన్ మెదలదు, నోరు మళ్లీ వెచ్చబడగానే లేస్తుంది. అందుకే ఆలస్యంగా మండుతుంది. మేనకోడలు ఇది విని "అత్తయ్యా, మీరు మా ప్రొఫెసర్‌లా చెప్తున్నారు" అంది. పదిహేనేళ్లుగా వంటింట్లో ఉన్నదాన్ని, ఆ మాటకి కాస్త పొంగిపోయాను, దాచడమెందుకు.

పార్మెజాన్ దగ్గర ఆగాను. మేనకోడలు శాకాహారి, గుడ్డు కూడా తినదు. అసలైన పార్మెజాన్‌లో పాలు విరగడానికి వాడేది పాలు తాగే దూడ పొట్టలోంచి తీసిన రెనెట్. చీజు కదా, పాలే కదా అనుకుంటే పొరపాటు. అలాగే బోర్డు మీద క్రేమా అని ఉంటే గుడ్డు పచ్చసొన ఉంటుంది. జబయోనేలో పచ్చసొనతో పాటు మార్సాలా వైను ఉంటుంది. మలగా అంటే కిస్‌మిస్ పళ్లే, కానీ రమ్ములో నానినవి. మద్యం ఉంటే అది మరీ గడ్డకట్టకుండా మెత్తగా ఉంటుంది, పిల్లలకి అదే ఇంకా ఇష్టంగా ఉంటుంది! ఎర్రటి రంగు కొన్నిసార్లు కార్మైన్, అంటే ఎండబెట్టిన పురుగుల నుంచి తీసింది. ప్యాకెట్ మీద ఆ పేరు రాయాలని 2011 నుంచి నియమం ఉంది. తొట్టి మీద ఎవరూ రాయరు.

నల్లటిది నల్ల నువ్వులట. మన చిమ్మిలి తెలిసినవాళ్లకి అది వింత కాదు, బెల్లం తక్కువైన చిమ్మిలిని ఫ్రిజ్‌లో పెట్టినట్టుంది. కానీ నల్ల జెలాటో ఇంకోచోట యాక్టివేటెడ్ చార్‌కోల్‌తో చేసింది కావచ్చు. ఆ బొగ్గు మనం వేసుకున్న మాత్రల మందుని కూడా పీల్చేసుకుంటుంది, రోజూ మందులు వాడే అత్తమామల్ని తీసుకెళ్తే అడిగి పెట్టించండి. జెలాటోని జారుగా పట్టి ఉంచే గ్వార్ గమ్ గురించి మాత్రం ఎవరూ భయపడక్కర్లేదు. అది మన గోరుచిక్కుడు గింజల పిండి, తెలంగాణవాళ్ల గోకరకాయ. ప్రపంచానికి ఎక్కువగా మన రాజస్థాన్ నుంచే వస్తుంది.

ఇక మావాడి సంగతి. వాడికి చాక్లెట్ కావాలి. నిగనిగలాడే గోధుమరంగు తొట్టి మీద జాండూయా అని రాసి ఉంది. "అమ్మా, చాక్లెట్!" అన్నాడు. జాండూయా అంటే హేజెల్‌నట్ ముద్ద కలిపిన చాక్లెట్. పక్కన బాచో అని ఉన్నదీ అదే బాపతు. పేరులో నట్ అన్న మాటే లేదు. నాకు ముందే చదివి ఉండటం వల్ల తెలిసింది, వాణ్ణి పక్కకి లాగి, ఫియోర్ ది లాత్తే ఇప్పించాను. అది ఉత్త పాలు, క్రీము, పంచదార. గుడ్డు లేదు, వెనిల్లా కూడా లేదు. ఇంతకంటే భద్రమైంది ఏముంటుంది? "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని అడిగాను కూడా. "లేవు" అన్నారు. అది నిజమే.

చెంచా వాడి నోటి దాకా వెళ్లింది. మేనకోడలు చటాలున వాడి చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, అంతకుముందు ఆ గరిటెతోనే పిస్తా తీశాడు." నేను చూడనే లేదు. గరిటెలన్నీ ఒకే నీళ్ల గిన్నెలో ముంచి తీస్తున్నారు. ఆ నీళ్లు అప్పటికే లేత ఆకుపచ్చగా ఉన్నాయి. నీళ్లలో ముంచితే పిస్తా ప్రొటీను పోదు, పైగా అన్ని గరిటెలకీ అంటుకుంటుంది. అంతసేపూ ప్రొఫెసర్‌లా మాట్లాడినదాన్ని, నా కాళ్లు వణికాయి. వాడు ఏడ్చాడు. వాళ్ల అక్క కూడా తన కప్పు చెత్తబుట్టలో పారేసి "నేనూ తినను, సరేనా" అంది.

నేను అడిగిన ప్రశ్నే తప్పు. "ఇందులో నట్స్ ఉన్నాయా" అంటే వంటకం గురించే జవాబొస్తుంది. "మా అబ్బాయికి జీడిపప్పు, పిస్తా అలర్జీ, ప్రాణం మీదికి వస్తుంది, దీన్ని ఏ గరిటెతో తీస్తున్నారు?" అని అడగాలి. పాలు, గుడ్లు, చేప, రొయ్యలాంటివి, చెట్టు గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు, ఈ తొమ్మిదింటినీ లేబుల్ మీద చెప్పాలన్న కేంద్ర చట్టం ప్యాక్ చేసిన ఆహారానికే. అడిగినప్పుడు తొట్టిలోంచి తీసి కప్పులో పెట్టేదానికి అది వర్తించదు. కాబట్టి అడగాల్సింది మనమే. పాలు లేని పళ్ల సోర్బెత్తో అయినా సరే, గరిటె ఒకటే అయితే లాభం లేదు.

మనవాళ్లలో ఒక అలవాటుంది: "నాలుక మీద కొంచెం పెట్టి చూద్దాం, ఏమవుతుందో." దయచేసి వద్దు. పోయినసారి దద్దుర్లతో ఆగింది కదా అని ఈసారీ ఆగుతుందని లేదు. గొంతు బిగుసుకుంటున్నా, ఊపిరి అందకపోయినా, ఒంటిమీద దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా, ఎపినెఫ్రిన్ పెన్ను తొడ పక్కభాగంలో పొడిచి వెంటనే 911కి ఫోన్ చెయ్యాలి. అలర్జీ మాత్ర దురద తగ్గిస్తుంది గానీ గొంతువాపుని ఆపదు. పెన్ను కార్లో వదలొద్దు, ఇక్కడి ఎండకి మందు పాడవుతుంది.

వెళ్లిపోదామనుకుంటుండగా చివరి టెంటులో ఒక పెద్దాయన మా మాటలు విన్నట్టున్నాడు. వెనక ఫ్రీజర్‌లోంచి అప్పటిదాకా తెరవని నిమ్మకాయ సోర్బెత్తో డబ్బా తీశాడు. చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్ వేసుకుని, ప్యాకెట్‌లోంచి కొత్త గరిటె విప్పాడు. ముందు డబ్బా మీది కాగితం నాకిచ్చి చదువుకోమన్నాడు. ఇది ఎక్కడ చేశారు, అదే యంత్రంలో నట్స్ వాడతారా అనడిగాను. విసుక్కోకుండా చెప్పాడు, నిమ్మవి విడిగా చేస్తారట. మావాడు రెండు కప్పులు తిన్నాడు. ఆ పక్కన ఆప్రికాట్ జెలాటో ఉంది, అది నేను తిన్నాను. కంప్యూటర్లు రాకముందు ఈ లోయంతా ఆప్రికాట్, ప్రూన్ తోటలే. సన్నీవేల్‌లో పదెకరాల ఆప్రికాట్ తోట ఒకటి ఇప్పటికీ ఉంచారు, పిల్లలకి చూపించొచ్చు. వింత రుచులు మనకి కొత్తేమీ కాదని మేనకోడలికి చెప్తూ వచ్చాను. మన కౌంటీలోనే గిల్‌రాయ్‌లో 1979లో మొదలైన వెల్లుల్లి పండగ వెల్లుల్లి ఐస్‌క్రీమ్‌కే పేరుపడింది. అంతెందుకు, ఐసులో ఉడికిన సేమ్యా పెట్టి పుల్లకి గుచ్చి సైకిల్ మీద అమ్మింది మన ఊళ్లలోనే కదా!

"సేమ్యా ఐసా?" అన్నాడు మావాడు, వెనక సీట్లోంచి. ఆ రాత్రే చేశాం. పాలు ముప్పావు వంతయ్యేదాకా కాచి, పంచదార, యాలకులు, చిటికెడు గ్వార్ గమ్ వేశాను. గమ్ లేకపోతే నీళ్లు పెద్ద పలుకులుగా గడ్డకట్టి పళ్లు జివ్వుమంటాయి. ఉడికించిన సేమ్యా అచ్చుల అడుగున వేసి, పాలు పోసి పుల్లలు గుచ్చాం. జీడిపప్పు వెయ్యలేదని ఎవరికీ తెలియలేదు. మర్నాడు మేనకోడలు నాలుగు పుల్లైసులు డబ్బాలో పెట్టుకుని రూమ్మేట్ల కోసం బస్సెక్కింది. రెండు కరిగిపోయాయట, గ్లాసుల్లో పోసుకుని తాగేశారట.