రుబీడియం

రుబీడియం ఒక రసాయన మూలకము. ఇది ఆవర్తన పట్టికలో 1వ గ్రూపు, 5వ పీరియడునకు చెందిన క్షారలోహము. దీని సంకేతం ఆర్‌బి, పరమాణు సంఖ్య 37, పరమాణు భారం 85.468. రుబీడియం పరమాణువులో 36 ఎలక్ట్రానులు క్రిప్టాన్ వాయువులో వలెనే అమరియుండగా, 37వ ఎలక్ట్రాను ఒక్కటే ఐదవ కర్పరములో ఉండును. ఈ మూలకం మరియు దాని సమ్మేళనముల భౌతిక ధర్మములలో పెక్కింటిని ఈ ఒక్క ఎలక్ట్రాను ఆధారంగా వివరించవచ్చును.

ఆవిష్కరణ

1861లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ నగరంలో రాబర్ట్ బున్సెన్, గుస్తావ్ కిర్కాఫ్ అను శాస్త్రవేత్తలు లెపిడోలైటు అను ఖనిజము నుండి ఈ మూలకమును కనుగొనిరి. వర్ణపట దర్శినిలో కనిపించిన ముదురు ఎరుపు రేఖలను బట్టి, లాటిన్ భాషలో ముదురు ఎరుపు అని అర్థమిచ్చు 'రూబిడస్' అను పదము నుండి దీనికి పేరు పెట్టిరి.

లోహపు భౌతిక ధర్మములు

రుబీడియం వెండి వలె తెల్లగా మెరయు, కత్తితో కోయదగినంత మెత్తని లోహము. సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.53 గ్రాములు. లిథియం, సోడియం, పొటాషియం నీటికన్న తేలికైనవి. రుబీడియం నీటికన్న బరువైనది.

దీని ద్రవీభవన స్థానం 39.3 డిగ్రీల సెల్సియస్, మరుగు స్థానం సుమారు 688 డిగ్రీలు. ద్రవీభవన స్థానం లిథియంకు 180.5, సోడియంకు 97.8, పొటాషియంకు 63.5, సీజియంకు 28.5 డిగ్రీలు. గ్రూపులో క్రిందికి పోవుకొలది పరమాణువు పెద్దదగును. బాహ్య ఎలక్ట్రాను కేంద్రకమునకు దూరమగును. అందువలన లోహబంధము బలహీనపడి, తక్కువ వేడికే లోహము కరగును. వేసవిలో 45 డిగ్రీలు దాటు రామగుండం, రెంటచింతల వంటి చోట్ల గాజు గొట్టంలో మూసియుంచిన రుబీడియం నీడలోనే ద్రవముగా మారగలదు. అయితే గాలి తగిలిన ఇది తనంతట తానే అంటుకొనవచ్చును. నీటితో ప్రేలుడుగా చర్య జరుపును. కావున దీనిని శూన్యంలో గాని జడవాయువులో గాని భద్రపరచెదరు.

సమ్మేళనముల ధర్మములు

బాహ్య ఎలక్ట్రానును కోల్పోయిన రుబీడియం ధనాత్మక అయానుగా మారును. అప్పుడు దాని స్వభావమే మారిపోవును. 39 డిగ్రీలకే కరగు లోహము క్లోరిన్‌తో కలిసి రుబీడియం క్లోరైడు అయినచో, సుమారు 718 డిగ్రీల వరకు ఘనరూపంలోనే నిలుచును. స్ఫటికములో ధన, ఋణ అయానుల మధ్యనున్న బలమైన విద్యుదాకర్షణయే దీనికి కారణము. ఈ లవణము తెల్లగా ఉండును. 20 డిగ్రీల వద్ద 100 గ్రాముల నీటిలో సుమారు 90 గ్రాములు కరగును. అంతే నీటిలో ఉప్పు సుమారు 36 గ్రాములే కరగును.

ఋణ అయాను పెద్దదైన కొలది ఆకర్షణ తగ్గును. అందుచేత ఫ్లోరైడు సుమారు 795, బ్రోమైడు 690, అయొడైడు 650 డిగ్రీల వద్ద కరగును. రుబీడియం లవణములు మంటకు ఎరుపు కలిసిన ఊదా రంగునిచ్చును. రుబీడియం సిల్వర్ అయొడైడు ఘనపదార్థమే అయినను, అందులోని వెండి అయానులు గది ఉష్ణోగ్రత వద్దనే సులభంగా కదలును. అందువలన అది మంచి అయానిక విద్యుద్వాహకము.

ఐసోటోపులు, ఉపయోగములు

ప్రకృతిలో రుబీడియం-85 సుమారు 72 శాతము, రుబీడియం-87 సుమారు 28 శాతము లభించును. రెండవది రేడియోధార్మికము, సుమారు 4,900 కోట్ల సంవత్సరముల అర్ధాయువుతో స్ట్రాన్షియం-87గా మారును. ప్రాచీన శిలల వయస్సును లెక్కించుటకు ఈ మార్పు తోడ్పడును.

రుబీడియం-87 పరమాణువులో బాహ్య ఎలక్ట్రానుకు, కేంద్రకమునకు గల అయస్కాంత సంబంధము వలన సెకనుకు సుమారు 683 కోట్ల కంపనముల స్థిరమైన పౌనఃపున్యము లభించును. రుబీడియం పరమాణు గడియారములు దీనిపైననే ఆధారపడును. 2023 మే 29న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎన్‌వీఎస్-01 నావిగేషన్ ఉపగ్రహంలో స్వదేశంలో తయారైన రుబీడియం గడియారమును అమర్చిరి.