రససిద్ధుని బంగారము

జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్ర యొడ్డున నున్న ఆలంపురములో తొమ్మిది ప్రాచీనాలయములు గలవు. బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ, ఇట్లు అన్నింటి పేర్లలోను బ్రహ్మ యున్నను అన్నియు శివాలయములే. ఇవి ఎవరు కట్టించినవని యడిగిన, స్థలపురాణము రససిద్ధుని పేరు చెప్పును. ఆయన హీనలోహములను రసముతో బంగారముగా మార్చి, ఆ ధనముతో గుడులు కట్టించెనట!

చరిత్రకారులు ఇందుల కొప్పుకొనరు. ఇవి 7, 8 శతాబ్దములలో బాదామి చాళుక్యుల యేలుబడిలో వెలసినవి. స్వర్గబ్రహ్మాలయము వినయాదిత్యుని (681–696) కాలము నాటిది. రాజుల బొక్కసముండగా రససిద్ధునితో పనియేమి? అయినను ఈ కథను ఊరక త్రోసివేయుటకు మాకు మనసొప్పదు. ఆలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారము. శ్రీశైలమన్ననో రసవాదులకు పేరుగన్న చోటు. రసమనగా పాదరసము. ఇన్ని లోహము లుండగా బంగారపు కథలన్నియు పాదరసము చుట్టే ఏల అల్లుకొన్నవో చూతము.

పాదరసములో సన్నని బంగారురేకు వేసిన, అది కరగి కలిసిపోయి వెన్నవంటి తెల్లని ముద్ద యగును. శుభ్రముగా తోమిన రాగిచెంబునకు ఆ ముద్దను రాచిన, చెంబు వెండివలె మెరయును. పిదప నిప్పుసెగ చూపిన, పాదరసము 357 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద మరిగి ఆవిరియై పోవును. బంగారము 1,064 డిగ్రీల దాక కరుగదు గనుక చెంబునంటి పచ్చగా నిలుచును. మొలాము పనివారు తరతరములుగా చేసిన పని యిదియే. ముద్దలో ముందే బంగారమున్నదని యెరుగనివాడు చూచిన, రాగి పసిడియైనదనియే కదా అనుకొనును! నగలు రెట్టింపు చేసెదమని యిల్లిల్లు తిరుగు మోసగాండ్రకు ఈ యజ్ఞానమే పెట్టుబడి.

ఆ ఆవిరి మాత్రము విషము. ఊపిరితో లోపలికి పోయి నరములను, మూత్రపిండములను చెరచును. చేతులు వణకును, చిగుళ్లు వాచును. మొలాము పనిలో బ్రతుకు వెళ్లబుచ్చినవా రెందరో ఇట్లు చెడిరి. మూసిన గదిలో పాదరసమును వేడిచేయుట ఎవరికిని తగదు.

అయిన పాదరసము నిజముగా బంగారము కానే కాదా? నిప్పుచేతను, మూలికలచేతను కాదు. రసాయనక్రియ పరమాణువు వెలుపలి ఎలక్ట్రానులనే కదల్చును. లోపలి కేంద్రకము నంటదు. పాదరసపు కేంద్రకములో ప్రోటానులు 80, బంగారములో 79. తేడా ఒక్కటే!

ఆ ఒక్కటి తీయుట 1941లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులకు సాధ్యమైనది. వారు పాదరసముపై వడిగల న్యూట్రానులను ప్రయోగించి బంగారమును పుట్టించిరి. కాని అది రేడియోధార్మికమైనది, నిలుచునది కాదు. అట్టిదానిలో 198 భారసంఖ్య గల రకమును తీసికొన్న, 2.7 దినములలో సగము మరల పాదరసమే యగును. రససిద్ధుడు చూచిన నవ్వుకొనెడివాడేమో!

నిలుచు బంగారము కావలెనన్న, 196 భారసంఖ్య గల పాదరసము ఒక న్యూట్రానును గ్రహింపవలెను. అప్పుడది 197 యై, క్రమముగా మామూలు బంగార మగును. అయితే ప్రకృతిలోని పాదరసమున అట్టి భాగము నూటికి 0.15 మాత్రమే. వచ్చు బంగారము విలువకంటె అగు వ్యయమే మిక్కుటము. కావుననే బంగారు గనులు ఇంకను నడచుచున్నవి.