కొద్ది ధనముతో జంట కటకముల కెమెరాను ఎన్నుకొనుట

ప్రతి విద్యార్థి చేతిలోను సెల్‌ఫోను ఉన్న ఈ రోజులలో ఫిల్ము కెమెరా ఎందుకని మమ్ములను అడుగువారు కలరు. ఫోనుతో నూరు చిత్రములు తీసి తొంబది చెరిపివేయవచ్చును. 120 రకపు ఫిల్ము చుట్టపై చదరపు చిత్రములు 12 మాత్రమే వచ్చును. ప్రతి చిత్రమునకు వెల కలదు. అందుచేత మీట నొక్కుటకు పూర్వమే వెలుగును, దూరమును, ఎదుటి మనిషి ముఖమును శ్రద్ధగా చూచుట అలవడును. ఈ అలవాటును నేర్పుటకు జంట కటకముల కెమెరా, అనగా ట్విన్ లెన్స్ రిఫ్లెక్స్, మిక్కిలి తగినది. అయితే నేడు లభించునవి దాదాపు అన్నియు ఒకరు వాడి విడిచినవే. ఉపకార వేతనము నుండి కూడబెట్టిన సొమ్ముతో గాని, కళాశాల నిధితో గాని కొనునప్పుడు ఎన్నిక తప్పినచో ఆ ధనము తిరిగి రాదు. కెమెరా బీరువా పాలగును. కావున తెలిసిన సంగతులను పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ కెమెరాకు ముందు భాగమున ఒకదానిపై నొకటిగా రెండు లెన్సులు ఉండును. క్రింది లెన్సు ఫిల్ముపై చిత్రమును ముద్రించును. పై లెన్సు నుండి వచ్చిన వెలుగు ఏటవాలు అద్దముపై బడి, పైనున్న గరుకు గాజు పలకపై బొమ్మగా కనిపించును. రెండు లెన్సులును కలసి ముందుకు వెనుకకు కదలును గనుక, పైన స్పష్టముగా కనిపించినది క్రింద ఫిల్ముపై కూడ స్పష్టముగా పడును. గాజు పలకపై మాత్రము కుడి ఎడమలు తారుమారగును. కుడి నుండి ఎడమకు ఉర్దూను, ఎడమ నుండి కుడికి తెలుగును చదువు మన విద్యార్థులకు ఈ తారుమారు త్వరలోనే అలవాటగునని మా నమ్మకము.

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ నగరమున 1929లో వెలువడిన రోలీఫ్లెక్స్ ఈ జాతికి కీర్తి తెచ్చినది. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరొందిన హోమై వ్యారావాలా (1913–2012) ఈ కెమెరాను వాడిరి. కాని పేరుతోబాటు వెలయు పెరుగును. స్వల్ప ధనము గలవారు మూడు తరగతులను పరిశీలింపవచ్చును.

మొదటిది రష్యా దేశపు లూబిటెల్. శరీరము ప్లాస్టిక్కు, లెన్సు 75 మిల్లీమీటర్లు, ఎఫ్ 4.5, షట్టరు వేగము సెకండులో 15వ వంతు నుండి 250వ వంతు వరకు. చౌకయే గాని, లూబిటెల్ 2 వంటి వానిలో పలక నడుమనున్న చిన్న గరుకు చుక్కపై మాత్రమే స్పష్టతను సరిచూడవలెను. రెండవది షాంఘైలో తయారైన సీగల్. పనితనము అన్నిటిలో సమముగా ఉండదు గనుక చేతితో పట్టి చూడక కొనరాదు. మూడవది జపానుదేశపు యాషికా డి. లెన్సు 80 మిల్లీమీటర్లు, ఎఫ్ 3.5, షట్టరు ఒక సెకండు నుండి 500వ వంతు వరకు. ఫిల్మును మరతో త్రిప్పి, షట్టరును వేరుగా బిగించవలెను. ఈ సరళతయే దాని బలము. నేర్చుకొనువారికి దీనినే ముందుగా సూచించుచున్నాము.

ఏది కొన్నను నాలుగు పరీక్షలు అవసరము. ఒకటి: వెనుక తలుపు తెరచి, షట్టరును 'బి' గుర్తుపై తెరచి ఉంచి, క్రింది లెన్సు గుండా టార్చి వెలుగును చూడుడు. సాలెగూడువంటి పోగులు కనిపించినచో అది బూజు. తేమగల మన వానకాలమున అది ఇంకను వ్యాపించును. పై లెన్సుపై చిన్న గీతలున్నను చిత్రము చెడదు. రెండు: షట్టరును నిదానపు వేగములపై నడిపి వినుడు. ఒక సెకండు, అర, పావు సెకండులకు తేడా తెలియవలెను. నడుమ ఆగిపోయినచో మరమ్మతు తప్పదు. మూడు: ఫిల్ము పరచుకొను పట్టాలపై ట్రేసింగు కాగితమును బిగువుగా అతికించి, ఎపర్చరును పూర్తిగా విప్పి, షట్టరును తెరచి ఉంచుడు. దూరపు స్తంభము పైపలకపై స్పష్టమైనప్పుడే కాగితముపైనను స్పష్టము కావలెను. కానిచో ప్రతి చిత్రమును మసకబారును. నాలుగు: పాత ఫిల్ము చుట్టనొకదానిని వేసి చివరివరకు త్రిప్పి చూడుడు. పాత షట్టర్లలో స్వయంచిత్రపు మీటను తాకకుండుట క్షేమము. అది చిక్కుకొని షట్టరునే ఆపివేయవచ్చును.

వెలుగు కొలుచు మీటరు ఉన్నదని అధికముగా చెల్లించుట వృథా. యాషికామ్యాట్ 124జి వంటి వానిలోని మీటరు పాదరసపు బ్యాటరీ కొరకు నిర్మితము. అట్టివి ఇప్పుడు తయారగుట లేదు. 100 వేగము గల ఫిల్ముతో మంచి ఎండలో ఎఫ్ 16, సెకండులో 125వ వంతు అను సూత్రము చాలును. సందేహమున్నచోట ఫోనే మీటరుగా పనిచేయును.

చేతనున్న ధనమంతయు కెమెరాకే వెచ్చింపక, కొంత శుభ్రపరచుటకును, కొంత ఫిల్ముకును మిగుల్చుకొనవలెను. ఫిల్ము లేని గొప్ప కెమెరా కంటె, పది చుట్టలు తోడుగా గల సామాన్యమైన కెమెరాయే విద్యార్థికి గురువు. కళాశాల కమిటీవారు విద్యార్థుల కొరకు ఒకటి కొనదలచినచో, పేరును గాక స్థితిని చూచి, పై నాలుగు పరీక్షలు జరిపిన పిదపనే సొమ్ము చెల్లింపవలెనని మా మనవి. అట్లు కొన్న ఒక్క కెమెరా వరుసగా ఎన్నో తరగతుల విద్యార్థుల చేతులలో తిరిగి, చూచుట నేర్పగలదు.