మైకు కూత పెడితే నాబ్ కాదు, స్పీకర్ జరపండి

ఈ ఎపిసోడ్ మన భజన మండళ్ల కోసం. వినాయక చవితి వచ్చిందంటే మా పటేల్‌గూడలో, పక్కన బీరంగూడ, అమీన్‌పూర్ కాలనీల్లో ఎటు చూసినా మండపాలే. భజన మొదలైన కాసేపటికే మైకు "కుయ్" అంటది. ఆపరేటర్ సౌండ్ తగ్గిస్తడు. పాడే పెద్దాయన గొంతు డోలక్ కింద మునిగిపోతది. వినపడాలని ఇంకా గట్టిగా పాడి గొంతు పోగొట్టుకుంటడు. మర్నాడు కమిటీలో "డీజే పెడదాం" అనే మాట వస్తది. తప్పు భజనది కాదు, స్పీకర్ పెట్టిన చోటుది.

కూత ఎందుకొస్తది? మైకులోకి పోయిన శబ్దం ఆంప్లిఫయర్‌లో పెరిగి స్పీకర్‌లోంచి బయటికొస్తది. అది మళ్లీ అదే మైకులోకి పోతది. కోడ్ రాసేవాళ్లకు ఇది ఇన్ఫినిట్ లూప్. ప్రతి రౌండ్‌కి శబ్దం ఇంకొంచెం పెద్దదైతే కూతే. అంటే లూప్ తెంపాలి.

ఒకటి, స్పీకర్లు. పాడేవాళ్లకు వినపడాలని చాలాచోట్ల వెనక పెడతరు. అప్పుడు స్పీకర్ నేరుగా మైకు మూతిలోకే మోగుతది. రెండు స్పీకర్లనూ పాడేవాళ్ల వరుస కంటే ఐదారు అడుగులు ముందుకు తీసుకెళ్లి, చెరో పక్కన పెట్టి, జనం వైపు తిప్పండి. జనం తలల కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే ముందు వరుసకు చెవులు పగులుతయి, వెనక వరుసకు ఏం వినపడదు.

వెనక పెట్టి గెలిచినవాళ్లూ ఉన్నరు. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండు 1974లో స్టేజీ వెనక స్పీకర్ల గోడే కట్టింది. కూత రాకుండా ఒక్కో గాయకుడికి రెండేసి మైకులు ఉల్టా కలిపి పెట్టి, ఒకదాంట్లోనే పాడారు. రెండింట్లోకీ సమానంగా వచ్చే స్పీకర్ శబ్దం కొట్టేసుకుపోయేది. మన మండపానికి అంత తిప్పలొద్దు.

రెండు, దూరం. నోటికీ మైకుకీ మధ్య దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతది. మూరెడు దూరం నుంచి బెత్తెడుకు వస్తే 12 దాకా లాభం, నాబ్ ముట్టుకోకుండానే. ఇంకో మాట: స్టైల్‌గా మైకు జాలీని గుప్పిట్లో మూయకండి. వెనక శబ్దాన్ని ఆపే దారులు మూసుకుపోయి కూత మొదలవుతది.

మూడు, మైకుల లెక్క. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైతే కూత రాకుండా పెంచగలిగే సౌండ్ 3 డెసిబెల్స్ తగ్గుతది. ఎనిమిది మైకులు రెండుకు తెస్తే 6 మిగులుతయి. తాళాలకు మైకే వద్దు, వాళ్లను వెనక కూర్చోబెట్టండి. డోలక్‌కు జానెడు దూరంలో ఒకటి చాలు, చిన్న మండపమైతే అదీ వద్దు. హార్మోనియం మైకు పైమూత రంధ్రాల వైపు చూడాలి, తిత్తి గాలి తగలకూడదు. రెండు మైకుల మధ్య దూరం, నోటికీ మైకుకీ ఉన్న దూరానికి మూడింతలైనా ఉండాలి.

పాడేవాళ్లకు తమ గొంతు వినపడాలంటే చిన్న మానిటర్ పెట్టండి. మైకు కార్డియాయిడ్ అయితే మానిటర్ సరిగ్గా మైకు తోక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే సూటిగా వెనక వద్దు, కొంచెం పక్కకు జరపండి. ఏ రకమో మైకు డబ్బా మీద రాసుంటది.

పైన రేకుల షెడ్డు ఉంటే స్పీకర్‌ను కొంచెం కిందికి వంచండి, రేకుకు కొట్టి వెనక్కి రావొద్దు. ఎకో నాబ్ కూడా తగ్గించండి, అది కూతను పిలుస్తది.

చివరగా, జనం రాకముందే ఒక్కో మైకు పెంచుతూ కూత ఎక్కడ మొదలైతదో చూసి, అక్కడి నుంచి 6 డెసిబెల్స్ కిందికి దించి వదిలేయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మామూలుగా లౌడ్‌స్పీకర్ వాడొద్దు. ఉన్న టైమ్‌లో పాట స్పష్టంగా వినపడితే పక్కింటివాళ్లు తిట్టుకోరు, పెద్దాయన గొంతూ నిలుస్తది.

మీ మండలి వాట్సాప్ గ్రూపులో ఇది పంపండి. మీ స్టేజీ ఫొటో కామెంట్‌లో పెడితే స్పీకర్ ఎటు జరపాలో చెప్తా. ఉంటా మరి.