తుత్తునాగం ముక్క పగిలితే అతుకు పడుతుందా?

మా అన్న సత్తెనపల్లిలో ఒక కార్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. రెండేళ్ళ కిందట మిరప కోతలప్పుడు ఒక పాత కారు బాగుచేతకి వచ్చింది. దాని కార్బురేటర్ చెవి, అంటే బోల్టు బిగించే చోటు, చీలింది. అన్న గ్యాసు మంట పెట్టి ఇత్తడి కడ్డీతో అతకబోయాడు. కడ్డీ ఇంకా కరగనే లేదు, చెవి మాత్రం జారి బల్ల మీద ముద్దయిపోయింది. దాని ఖరీదు అన్న జీతంలో పట్టుకున్నారు. ఆ నెల నాకు కొనాల్సిన ట్రంకుపెట్టె ఆగిపోయింది. ఇలా ఎందుకు జరిగిందా అని అన్నని, మా సైన్సు సారుని అడిగి తెలుసుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ముక్క ఇనుము కాదు, తుత్తునాగం. అంటే జింకు. వందకి 96 పాళ్ళు జింకు, 4 పాళ్ళు అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, కొన్నిట్లో కాస్త రాగి. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ ఇలాంటి మిశ్రమాలు చేసి 'జమాక్' అని పేరు పెట్టింది. అచ్చులోకి ఒత్తిడితో కొడితే సన్నని ముక్కలు కూడా నున్నగా వస్తాయి. అందుకే కార్ల డోర్ హ్యాండిళ్ళు, తాళాలు, కార్బురేటర్లు దీనితో చేశారు. మన విశాఖపట్నంలో కూడా 1977 నుండి 2012 దాకా జింకు తీసే కర్మాగారం నడిచింది.

ఇక అసలు సంగతి. ఈ మిశ్రమం సుమారు 380 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరుగుతుంది. ఇత్తడి కడ్డీ కరగాలంటే 900 డిగ్రీలకి దగ్గరగా పోవాలి. మరి ముందు కరిగేది ఏది? ఇంకో మోసం ఉంది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి మనకి చెబుతుంది. జింకు ఎర్రబడక ముందే కూలిపోతుంది.

ఆ రాత్రి అన్నకి చలిజ్వరం వచ్చింది. మా యాడి మలేరియా అనుకుని భయపడింది. జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అప్పుడు లేచే తెల్లని పొగ పీలిస్తే కొన్ని గంటలకి చలి, జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని, ఆ పొగలో పని చేయరాదు. జ్వరం ఏదైనా ఆసుపత్రిలో చూపించుకోవాలి.

మరి అతికేదెట్లా? ముందు ముక్కని గుర్తుపట్టాలి. అయస్కాంతం అంటుకోకపోతే ఇనుము కాదు. చేతిలో బరువుగా ఉంటే జింకు, తేలికైతే అల్యూమినియం. జింకు రెండున్నర రెట్లకి పైగా బరువు.

చిన్న చీలికకి టంకం చాలు. ముందు పెట్రోలు పూర్తిగా వంపేసి, కడిగి, ఆరుబయట బాగా ఆరబెట్టాలి. పెట్రోలు వాసన ఉంటే వేడి దగ్గరికి తీసుకురాకూడదు. పైపూత పోయేలా ఆకురాయితో గీకి, చీలికని కొంచెం గాడి చేయాలి. తర్వాత మైలుతుత్తం నీళ్ళు రుద్దాలి. మన రైతులు సున్నంతో కలిపి తెగుళ్ళకి కొట్టేదే. జింకు కరిగి, దాని చోట రాగి ఎర్రని పొరగా పడుతుంది. మన రసాయన శాస్త్రం పాఠంలోని స్థానభ్రంశ చర్య ఇదే! ఉత్త జింకు మీద టంకం సరిగా పట్టదు. రాగి మీద ఇట్టే పట్టుతుంది. తగరం, సీసం కలిసిన టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ముక్క నిలుస్తుంది. మంట వద్దు, టంకం కాల్చే ఇనుపకాడ చాలు.

అయితే ఈ అతుకు కారడం ఆపుతుందే గాని బరువు మోయదు. బోల్టు చెవికి, బ్రేకుకి, స్టీరింగుకి పనికిరాదు. అక్కడ కొత్త ముక్క వేయడమే ధర్మం. టంకంలో సీసం ఉంది, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు.

ఇప్పుడు అన్న ఏ ముక్కనైనా ముందు చేత్తో తూచి, అయస్కాంతం పెట్టి చూస్తాడు. నిరుడు నాకు ట్రంకుపెట్టె కూడా వచ్చింది. వార్డెన్ సార్, సైన్సు గదిలోని అయస్కాంతం ఒక పూట హాస్టలుకి ఇప్పిస్తే, మా పెట్టెల తాళాలు ఏ లోహమో అందరం పరీక్షించి వచ్చే సంచికలో రాస్తాం.