పంజరంలోని చిలుక: ఈకల మార్పా, వ్యాధి లక్షణమా?

హిందీలో తోతా, బెంగాలీలో టియా, మరాఠీలో పోపట్, తమిళంలో కిళి, తెలుగులో చిలుక. పేరు ఏదైనప్పటికీ ఈ పక్షి దేశమంతటా జనజీవనంతో పెనవేసుకొని ఉన్నది. అయితే దానిని ప్రీతితో పెంచేవారిలో సైతం దాని శరీరధర్మాన్ని ఎరిగినవారు తక్కువ. ఒక ఉదయం పంజరం అడుగున గుప్పెడు ఈకలు కనిపించగానే కొందరు రోగం వచ్చిందని కలవరపడి తోచిన మందు పోస్తారు. మరికొందరు నిజంగా రోగం సోకినప్పుడు కూడా ఇది ఈకలు రాల్చే కాలమని ఊరకుంటారు. మొదటి పొరపాటు పక్షికి అనవసరమైన బాధ కలిగిస్తుంది. రెండవది దాని ప్రాణానికే ముప్పు తెస్తుంది.

ఏ చిలుకను పెంచవచ్చునో మొదట తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశీయమైన రామచిలుకలను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం నేరం. పట్టణాలలో ‘లవ్ బర్డ్స్’ అనే పేరుతో అమ్ముడవుతున్న చిన్న చిలుకలలో అధికభాగం ఆస్ట్రేలియా దేశానికి చెందిన బడ్జరిగార్లు. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ప్రధానంగా ఈ పక్షికి సంబంధించినవి.

ఈకలు ఎందుకు రాలుతాయి?

పూర్తిగా ఎదిగిన ఈక మన గోరు, వెంట్రుకల వలె నిర్జీవ పదార్థం. అరిగినా, చీలినా అది తిరిగి అతుకుకోదు. అందువల్ల పక్షి పాత ఈకలను విడిచి కొత్తవాటిని ధరిస్తుంది. పగటి వెలుతురు ఎంతసేపు ఉంటున్నదన్న దానిని బట్టి, శరీరంలోని గ్రంథుల స్రావాలను బట్టి ఈ మార్పు ప్రారంభమవుతుంది. రాత్రి పొద్దుపోయేవరకు దీపాలు వెలిగే ఇళ్లలో పెరిగే పక్షులకు ఈ కాలనియమం తప్పుతూ ఉంటుంది.

ఈకల మార్పులో ఒక క్రమం ఉన్నది. చర్మం లోపల మొలిచిన కొత్త ఈక పాతదానిని బయటికి నెడుతుంది. కుడి రెక్కలో ఒక ఈక రాలితే, ఇంచుమించు అదే కాలంలో ఎడమ రెక్కలో దానికి జతయైన ఈక రాలుతుంది. అందుచేత పక్షి ఎగిరే శక్తిని కోల్పోదు, చర్మం నగ్నంగా బయటపడదు. తలపైన, మెడపైన తెల్లని సన్నని ముళ్ల వంటివి కనిపిస్తాయి. అవి పైపొర ఇంకా విడని కొత్త ఈకలు. పక్షి ముక్కుతో ఆ పొరను రాల్చుకొనేటప్పుడు తెల్లని పొడి పడుతుంది. ఈ వారాలలో చిలుక కొంత మౌనంగా ఉండవచ్చు, ఎక్కువగా గోక్కోవచ్చు, కాని ఆహారం మానదు. మూడు, నాలుగు నెలల వయస్సులో వచ్చే మొదటి మార్పుతో బడ్జరిగారు పిల్ల నుదుటిపైని నల్లని చారలు తొలగిపోతాయి. ఇది వ్యాధి కాదు, ఎదుగుదలకు గుర్తు.

వ్యాధిని సూచించే గుర్తులు

రాలిన ఈకల సంఖ్య కంటె, వాటి స్థానంలో ఏమి మొలుస్తున్నదన్నది ముఖ్యం. చర్మం బట్టతలవలె కనిపించినా, కొత్త ఈకలు మొలవకపోయినా, మొలిచినవి వంకరగా, నొక్కుకుపోయినట్లు ఉన్నా సందేహించవలసిందే. సర్కోవైరస్ వల్ల కలిగే ముక్కు–ఈకల వ్యాధిలో ఇటువంటి వికృతమైన ఈకలు వస్తాయి. ఈ వ్యాధి ఈకల ధూళి ద్వారా, రెట్టల ద్వారా ఇతర చిలుకలకు సోకుతుంది. దీనిని నిర్మూలించే ప్రత్యేకమైన ఔషధం లేదు.

రొమ్ముపైన, కాళ్లపైన ఈకలు పోయి తలపైన మాత్రం చక్కగా ఉంటే పక్షి తన ఈకలను తానే పీక్కొంటున్నదని గ్రహించాలి. ఎందుకంటే దాని ముక్కు తలకు అందదు. ఒంటరితనం, విసుగు, చర్మరోగం, లోపలి అవయవాల వ్యాధి ఇందుకు కారణాలు కావచ్చు. ముక్కు చుట్టూ తేనెపట్టువంటి తెల్లని పొక్కు కడితే అది కంటికి కనిపించని నల్లి జాతి పురుగుల పని.

ఈకలతో సంబంధం లేని గుర్తులు మరింత ముఖ్యమైనవి. శత్రువుల కంట పడకుండా ఉండేందుకు పక్షులు స్వభావసిద్ధంగా తమ జబ్బును దాచుకొంటాయి. అది పైకి తెలిసేసరికి వ్యాధి ముదిరి ఉండవచ్చు. పగటివేళ ఈకలు ఉబ్బించుకొని కూర్చోవడం, కొమ్మ విడిచి పంజరం అడుగున ఉండడం, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగడం, ముక్కు నుంచి, కళ్ల నుంచి నీరు కారడం, రెట్ట రంగు మారడం వంటివి ఈకల మార్పు లక్షణాలు కానే కావు. వీటిలో కొన్ని సిట్టకోసిస్ అనే వ్యాధిలోనూ కనిపిస్తాయి. ఆ వ్యాధి పక్షి నుంచి మనిషికి కూడా సోకుతుంది. కాబట్టి ఎండిన రెట్టలను పొడిగా ఊడ్చక, తడిపి తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పెంపకందారుని కర్తవ్యం

పెద్ద బడ్జరిగారు బరువు సుమారు 30 నుంచి 40 గ్రాములు. అందులో 3, 4 గ్రాములు తగ్గితే పదవ వంతు పోయినట్లే. ఈకల చాటున ఆ క్షీణత కంటికి తెలియదు. గ్రాములు చూపే చిన్న తూకంపై ఉదయం మేతకు ముందు తూచి, తేదీతో వ్రాసి ఉంచుకుంటే అది వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది.

ఈకలో అధికభాగం మాంసకృత్తులే. కేవలం కొర్రలు, సజ్జలతో ఆ అవసరం తీరదు. మొలకెత్తిన పెసలు, కొద్దిగా ఉడికించిన గుడ్డు, తరిగిన క్యారెట్, కొత్తిమీర చేర్చాలి. స్నానానికి లోతులేని పళ్లెంలో నీరు, రాత్రి 10 నుంచి 12 గంటల చీకటి విశ్రాంతి కల్పించాలి. మొలిచే ఈకలో రక్తం ప్రవహిస్తుంది కనుక ముళ్లవంటి ఆ ఈకలను గిల్లరాదు. అది విరిగి రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి ఉంచాలి. రక్తం ఆగకపోతే వెంటనే పశువైద్యునికి చూపించాలి.

అనుమానం కలిగినపుడు పక్షిని మిగతావాటి నుంచి వేరుచేసి, వెచ్చగా, గాలి దెబ్బ తగలకుండా ఉంచి, అదే రోజున వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. నీటిలో కలిపి పోసే మందులు ఎంత మోతాదు లోపలికి పోయినదో తెలియనివ్వవు, కొన్నిసార్లు అసలు వ్యాధిని కప్పిపుచ్చుతాయి. రాలిన ఈకలు కొన్ని, తాజా రెట్ట పడిన కాగితం, బరువు వ్రాసిన పుస్తకం వెంట తీసుకొనిపోతే వ్యాధి నిర్ణయం సులభమవుతుంది.